హోటల్‌కి ఫుడ్ సేఫ్టీ నోటీసు వస్తే: తనిఖీ నుంచి మూత దాకా, మూత నుంచి మళ్లీ తెరిచే దాకా

"ఫలానా హోటల్ సీజ్" అని పేపర్లో వస్తుంది. ఆ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు సంగతులుంటాయి. ఫ్రిజ్‌లో ఉన్న పది కిలోల చికెన్ మాత్రమే సీజ్ అయి, హోటల్ మామూలుగా నడుస్తూ ఉండొచ్చు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) లైసెన్సు సస్పెండ్ అయి ఉండొచ్చు. ఫుడ్ సేఫ్టీ కమిషనర్ అత్యవసర నిషేధ ఉత్తర్వు ఇచ్చి ఉండొచ్చు. లేదా వీటితో ఏ సంబంధమూ లేకుండా, ట్రేడ్ లైసెన్సు లేదనో మురుగునీరు రోడ్డు మీదికి వదిలారనో మున్సిపాలిటీ వాళ్లు తాళం వేసి ఉండొచ్చు. దేనికి దానికి అధికారి వేరు, గడువు వేరు, బయటపడే దారి వేరు. అందుకే కాగితం చేతికి రాగానే ఎవరికి ఫోన్ చేయాలా అని వెతుక్కునే ముందు, దాని మీద ఏ సెక్షన్ రాశారో చూడండి. తర్వాత చేయాల్సిందంతా ఆ నంబరే చెబుతుంది.

ఇక్కడ చెప్పేది ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 ప్రకారం. చట్టం దేశమంతటికీ ఒకటే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హోటల్, మెస్, టిఫిన్ సెంటర్, బేకరీ, క్లౌడ్ కిచెన్ అన్నీ దీని కిందికే వస్తాయి. చిన్నవాళ్లకు రిజిస్ట్రేషన్, పెద్దవాళ్లకు లైసెన్సు. తేడా కాగితంలోనే. శుభ్రత నియమాల నుంచి చిన్నవాళ్లకూ మినహాయింపు లేదు.

వచ్చేది ఎవరు, ఏం చేయగలరు

జనం ఇప్పటికీ "ఫుడ్ ఇన్‌స్పెక్టర్" అంటారు. అది 1954 నాటి కల్తీ నిరోధక చట్టం కాలం మాట. ఇప్పుడు వచ్చేది ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్. ఆయన పైన డిజిగ్నేటెడ్ ఆఫీసర్, ఆ పైన రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ కమిషనర్. ఎవరి చేతిలో ఏముందో తెలియకపోతే ఒకరి దగ్గర అడగాల్సింది ఇంకొకరి దగ్గర అడుగుతారు. తనిఖీ చేయడం, శాంపిల్ తీయడం, సరుకు సీజ్ చేయడం ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పని. ఇంప్రూవ్‌మెంట్ నోటీసు (లోపాలు సరిచేసుకోమని ఇచ్చేది), లైసెన్సు సస్పెన్షన్, రద్దు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ చేతిలో ఉంటాయి. అత్యవసరంగా మూయించే ఉత్తర్వు కమిషనర్‌ది. అంటే తనిఖీకి వచ్చిన ఆఫీసర్‌ని "మూయొద్దు సార్" అని బతిమాలి ప్రయోజనం లేదు. ఆయన రాసే రిపోర్టు ఎలా ఉంటుందన్నదే ముఖ్యం.

సెక్షన్ 38 ప్రకారం ముందుగా చెప్పకుండా రావచ్చు. గుర్తింపు కార్డు చూపించమని మీరు అడగొచ్చు, తప్పులేదు. లోపలికి రానివ్వకపోవడం, గేటు దగ్గర అరగంట నిలబెట్టి వెనక తలుపు నుంచి సరుకు తరలించడం మాత్రం కొత్త కేసు కొనితెచ్చుకోవడమే. అడ్డుపడటం విడిగా నేరం.

తనిఖీ జరిగే గంట

ఒకటి. బాధ్యత తెలిసిన మనిషి ఒకరు ఆఫీసర్ వెంట ఉండాలి. వంట మాస్టర్‌ని పొయ్యి దగ్గర నుంచి లాగొద్దు. యజమాని లేకపోతే ఎవరు మాట్లాడాలో, ఎవరు సంతకం పెట్టాలో ముందే తేల్చి పెట్టుకోవాలి. కౌంటర్ కుర్రాడు చదవకుండా పెట్టిన సంతకమే తర్వాత చాలామందికి తలనొప్పి అవుతుంది.

రెండు. ఈ కాగితాలు ఒకే ఫైల్లో, కౌంటర్ దగ్గర ఉండాలి: లైసెన్సు (కాపీ గోడకు కనబడేలా ఉండాలి, 14 అంకెల నంబరు బిల్లు మీద కూడా ఉండాలి), సిబ్బంది ఏడాదికోసారి చేయించుకున్న మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, టీకాల రికార్డు, ఆరు నెలలకోసారి చేయించిన నీటి పరీక్ష, పెస్ట్ కంట్రోల్ బిల్లులు, ఫోస్టాక్ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార భద్రత శిక్షణ) సర్టిఫికెట్ (25 మంది పనివాళ్లకు కనీసం ఒక శిక్షణ పొందిన సూపర్‌వైజర్), మాంసం, పాలు, నూనె కొన్న బిల్లులు. "ఆడిటర్ దగ్గర ఉన్నాయి" అంటే లేనట్టే రాస్తారు.

మూడు. ఆఫీసర్ చేతిలో చెక్‌లిస్టు ఉంటుంది. కేటరింగ్, హోటళ్లకు వాడేది మొత్తం 114 మార్కులది. మామూలు అంశానికి 2, నక్షత్రం గుర్తున్న దానికి 4. మొత్తం మార్కులు బాగా వచ్చినా నక్షత్రం అంశంలో ఒక్కటి తప్పినా "నియమాలు పాటించడం లేదు" అని రాయొచ్చు. ఉష్ణోగ్రతలు, నీళ్లు, పురుగులూ ఎలుకలూ, పచ్చి సరుకు, వండిన సరుకు వేరుగా ఉంచడం లాంటివన్నీ ఆ నక్షత్రాల కిందే ఉంటాయి. గోడకు రంగు వేయించడం కన్నా ముందు వీటి మీద డబ్బు పెట్టాలి.

నాలుగు. ఆఫీసర్ ఫోటో తీసిన ప్రతిదాన్నీ మీరూ ఫోటో తీసుకోండి. అక్కడికక్కడే సరిచేయగలిగింది సరిచేసి, "తనిఖీలోనే సరిచేశాం" అని రిపోర్టులో రాయమని అడగండి. రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు చదవండి. ఒప్పుకోని విషయం ఉంటే సంతకం కింద మీ మాట రెండు ముక్కల్లో రాయొచ్చు. కాపీ తీసుకోకుండా వదలొద్దు.

2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లలో వరుసగా తనిఖీలు చేసి, దొరికినవి ఎక్స్‌ (పాత ట్విట్టర్)లో ఫోటోలతో పెట్టడం మొదలయ్యాక లెక్క మారింది. నోటీసుకు జవాబు రాసే లోపే జనం తీర్పు ఇచ్చేస్తున్నారు. దానికి ఏ అప్పీలూ లేదు.

ఎక్కడ దొరికిపోతారు

ఎక్కువ హోటళ్లు దొరికిపోయేది కల్తీలో కాదు, చల్లార్చడంలో. ఇది కాస్త వివరంగా చూడాలి.

మధ్యాహ్నం మిగిలిన ముప్పై లీటర్ల గ్రేవీ. డేక్షాలోనే మూత పెట్టి పక్కన పెడతారు, "చల్లారాక ఫ్రిజ్‌లో పెడదాం" అని. రాత్రి ఏడింటికి చెయ్యి పెట్టి చూస్తే పైన గోరువెచ్చగా ఉంటుంది, నడుమ ఇంకా వేడిగా ఉంటుంది. ఇన్ని గంటలూ అది సూక్ష్మజీవులు పెరిగే వేడిలోనే ఉంది. మాంసం గ్రేవీలో క్లోస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్, అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటాయి. వీటి బీజాలు ఉడికినా చావవు. వేడి తగ్గగానే మొలకెత్తి పెరుగుతాయి. అన్నంలో బాసిల్లస్ వదిలే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. పొద్దున అన్నంతో సాయంత్రం ఫ్రైడ్‌రైస్ చేస్తే "బాగా వేయించాం కదా" అన్న మాట అందుకే చెల్లదు.

చెక్‌లిస్టు అడిగేది ఇది: వండిన పదార్థం 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి ఇంకో రెండు గంటల్లో దిగాలి. డేక్షాలో అది జరగదు. రెండు మూడు అంగుళాల లోతు మించని స్టీలు ట్రేల్లోకి సర్దాలి. సింకులో ఐసు నీళ్లు పోసి ట్రే కింది భాగం మునిగేలా పెట్టాలి. పది నిమిషాలకోసారి శుభ్రమైన గరిటెతో కలపాలి. ఆవిరి పోయాక ఫ్రిజ్ పై అరల్లో, ట్రేల మధ్య గాలి ఆడేలా పెట్టాలి. ప్రతి ట్రే మీద పదార్థం పేరు, తేదీ, టైమ్ రాసిన చీటీ ఉండాలి. ముప్పై లీటర్లు వేడివేడిగా ఒకేసారి ఫ్రిజ్‌లో తోస్తే అది చల్లారదు సరికదా, పక్కనున్న పాలూ మ్యారినేట్ చేసిన చికెన్ కూడా వేడెక్కుతాయి.

వేడిగా ఉంచేవి శాకాహారమైతే 65, మాంసాహారమైతే 70 డిగ్రీలు. చల్లవి 5 లోపు, ఫ్రీజర్ మైనస్ 18. మళ్లీ వేడి చేస్తే నడిభాగం 75కి చేరి రెండు నిమిషాలు ఉండాలి. చల్లటి సాంబార్లో వేడినీళ్లు పోసి సరిపెట్టడం, కౌంటర్ మీద బేన్‌మేరీలోనే (గిన్నెలు పెట్టే వేడినీళ్ల తొట్టి) వేడెక్కనివ్వడం రెండూ తప్పు కిందే లెక్క. బేన్‌మేరీ ఉన్న వేడిని నిలుపుతుంది, అంతే. గడ్డకట్టిన చికెన్‌ని రాత్రంతా సింకులో వదిలేయకుండా ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి. ఒకసారి కరిగింది మళ్లీ ఫ్రీజర్లోకి పోకూడదు.

పుల్లలాంటి మొనతో గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనండి. నూరిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచితే సున్నా చూపాలి. మరిగే నీళ్లలో ముంచినప్పుడు విశాఖలో 100 చూపితే హైదరాబాద్‌లో 98 దగ్గర ఆగుతుంది. ఎత్తు వల్ల అది మామూలే, థర్మామీటరు పాడైందని పారేయకండి.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం కింది అరలో, వండినవి పైన. వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీమళ్లీ కాగితే పెరిగే పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె పారేయాల్సిందే. పాత నూనెలో కొత్త నూనె కలిపితే వయసు తగ్గదు. బిర్యానీ, చికెన్ 65, తందూరీల్లో కృత్రిమ రంగులకు అనుమతి లేదు. వంటగదిలో రంగు డబ్బా కనబడటమే ప్రశ్నకు దారి తీస్తుంది. పునుగులైనా బజ్జీలైనా న్యూస్‌పేపర్లో కట్టకూడదు. చేతులు కడుక్కునే సింకు గిన్నెలు తోమే సింకుకు వేరుగా ఉండాలి, దాని దగ్గర సబ్బు కూడా ఉండాలి. సింకు ఉండి సబ్బు లేకపోతే ఆ సింకు ఎవరూ వాడటం లేదని ఆఫీసర్‌కి అర్థమైపోతుంది. డ్రెయిన్ మీద జాలీ, చెత్తబుట్టకు మూత, కిటికీకి దోమతెర. బియ్యం బస్తాలు గోడకు ఆనకుండా, నేల మీద కాకుండా ఉండాలి. బస్తాల వెనకే ఎలుక పెంటికలు వెతుకుతారు. గడువు తీరిన సాస్ సీసా "పారేద్దామని పక్కన పెట్టాం" అంటే, దాని మీద "వాడకూడదు" అని చీటీ ఉండాలి.

రాష్ట్రం విడిగా ఇచ్చే నిషేధాలూ గమనించాలి. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. కమిషనర్‌కి సెక్షన్ 30 కింద ఏదైనా ఆహారాన్ని ఏడాది వరకు ఇలా ఆపే అధికారం ఉంది. ఇలాంటివి లైసెన్సు కాగితంలో రాసి ఉండవు.

శాంపిల్ తీస్తే

మీరు చూస్తుండగానే, సాక్షి సమక్షంలో తీసి నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. చుట్టిన కాగితం మీద మీ సంతకం పడుతుంది. సరుకు ధర ఆఫీసర్ చెల్లించాలి. ఒక భాగం ఫుడ్ అనలిస్టుకు (ల్యాబ్‌లో ఆహారాన్ని పరీక్షించే అధికారి) వెళ్తుంది, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది మీ చేతిలో ఉన్న అవకాశం. మీరు రాతపూర్వకంగా అడిగితే దాన్ని గుర్తింపు పొందిన ల్యాబ్‌కి పంపుతారు, ఖర్చు మీది. చాలామంది ఖర్చు చూసి అడగరు. రిపోర్టు తేడా వచ్చాక అడుగుదామంటే అప్పటికి వేళ దాటిపోతుంది. రెండు ల్యాబ్‌లు వేర్వేరుగా చెబితే వాటి పైనున్న రెఫరల్ ల్యాబ్ మాటే ఆఖరు.

అనలిస్టుకు 14 రోజుల గడువు. రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే, అందిన 30 రోజుల్లో డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కి అప్పీలు చేసుకోవచ్చు.

మామూలు కస్టమర్ కూడా కొన్న ఆహారాన్ని ఫీజు కట్టి అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ సంగతి హోటల్‌కి చెప్పాలి. తప్పు తేలితే ఫీజు వెనక్కి వస్తుంది. సెక్షన్ 40 ఇది. వాడేవాళ్లు అరుదు.

సెక్షన్ 32: ఇంప్రూవ్‌మెంట్ నోటీసు

ఎక్కువమందికి వచ్చేది ఇదే. ఇది మూత కాదు. ఏ నియమం తప్పారు, ఏం సరిచేయాలి, ఎన్నాళ్లలో చేయాలి, ఈ మూడూ అందులో ఉండాలి. గడువు 14 రోజులకు తగ్గకూడదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నోటీసు మీద కమిషనర్‌కి అప్పీలుకు 15 రోజులు అని చెబుతారు. నిజమే, కానీ నోటీసులో ఇచ్చిన గడువు, 15 రోజులు, ఈ రెండింటిలో ఏది ముందు ముగిస్తే అదే లెక్క. 14 రోజుల నోటీసైతే పదిహేనో రోజు మీకు లేదు. అప్పీలు మీద కమిషనర్ నిర్ణయం ఆఖరిది.

అప్పీలు కన్నా సరిచేయడమే చాలా సందర్భాల్లో తక్కువ ఖర్చు. జవాబు మాత్రం నోటీసులోని వరుస నంబర్ల ప్రకారమే రాయాలి. "అన్నీ సరిచేశాము, దయచేసి క్షమించగలరు" అన్న జవాబు ఫైల్లో పడి ఉంటుంది తప్ప పనికిరాదు. ఇలా ఉండాలి:

"అంశం 4: గిన్నెలు తోమే చోట డ్రెయిన్ తెరిచి ఉంది. 12వ తేదీన స్టీలు జాలీ బిగించాం, పగిలిన మూడు టైల్స్ మార్చాం. మేస్త్రీ బిల్లు, ముందూ తర్వాతా ఫోటోలు జత 4ఎ, 4బి. రోజూ రాత్రి షిఫ్ట్ అయ్యాక వేడినీళ్లతో కడిగే బాధ్యత షిఫ్ట్ సూపర్‌వైజర్‌ది. రిజిస్టర్ కాపీ జత 4సి."

చివరి రెండు వాక్యాలే అసలు బలం. జాలీ బిగించడం ఒక్కరోజు పని. అది రేపూ శుభ్రంగా ఉంటుందని ఎవరు చూస్తారన్నదే డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కి కావాలి. గడువులోపు కాని పని ఏదైనా ఉంటే, ఉదాహరణకు కొత్త ఎగ్జాస్ట్, ఆర్డరు ఇచ్చిన కాగితం జతచేసి, ఎప్పటికి అవుతుందో రాసి, ఆలోపు ఏం చేస్తున్నారో చెప్పండి. జవాబు ఇచ్చాక రసీదు ముద్ర వేయించుకోండి.

నోటీసును పట్టించుకోకపోతే లైసెన్సు సస్పెండ్ చేస్తారు. అప్పటికీ మారకపోతే షోకాజ్ (ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమనే నోటీసు) ఇచ్చి రద్దు చేస్తారు. ప్రజారోగ్యానికి ముప్పు ఉందనిపిస్తే కారణాలు రాతలో పెట్టి అప్పటికప్పుడే సస్పెండ్ చేయొచ్చు. సస్పెన్షన్ రోజు నుంచి వ్యాపారం ఆగాల్సిందే. షట్టర్ దించి వెనక నుంచి స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు పంపినా అది వ్యాపారమే. యాప్‌లో కూడా ఆఫ్ చేసి స్క్రీన్‌షాట్ దాచుకోండి.

2011 లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం సస్పెన్షన్ తర్వాత మళ్లీ తనిఖీకి ఆదేశించే గడువు సస్పెన్షన్ తేదీ నుంచి 14 రోజులకు తగ్గదు. "రేపే వచ్చి చూడండి" అని ఒత్తిడి చేయడం కన్నా ఆ రెండు వారాలూ పనికి వాడుకోవడం మేలు. రద్దయితే మాత్రం మూడు నెలలు గడిచాకే కొత్త దరఖాస్తు. కట్టిన ఫీజు తిరిగి రాదు.

సెక్షన్ 34: అత్యవసర మూత

ఫుడ్ పాయిజన్‌తో జనం ఆసుపత్రిపాలైనప్పుడు, వంటనీటిలో మురుగు కలిసినప్పుడు, వంటగది నిండా ఎలుకలు తిరుగుతున్నప్పుడు వాడే దారి ఇది. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ మీకు నోటీసు ఇచ్చి కమిషనర్‌కి దరఖాస్తు చేస్తారు. ఉత్తర్వుకు కనీసం ఒక రోజు ముందు ఆ నోటీసు మీకు అందాలి. ఆ ఒక్క రోజే మీ చేతిలో ఉన్న సమయం.

ఆ రోజు చేయాల్సింది: వెంటనే అమ్మకాలు మీ అంతట మీరే ఆపి, ఆపినట్టు రాసి ఇవ్వండి. అనుమానం ఉన్న ఆహారాన్ని పారేయొద్దు. వేరుగా, చల్లగా, చీటీ అంటించి పెట్టండి, శాంపిల్‌కి కావాలి. హడావుడిగా కడిగేసి అంతా పారబోస్తే సాక్ష్యం మాయం చేశారనే మాట పడుతుంది. ఆ పూట డ్యూటీలో ఎవరున్నారో, వాళ్లలో ఎవరికైనా వాంతులు, విరేచనాలు ఉన్నాయో రాసి పెట్టండి. ఉన్నవాళ్లను వంటగది దరిదాపులకు రానివ్వొద్దు.

ఉత్తర్వు వచ్చాక చేతికి ఇస్తారు లేదా తలుపు మీద అంటిస్తారు. దాన్ని చింపడం, తెలిసీ ఉల్లంఘించడం చిన్న విషయం కాదు. ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి.

మూసి ఉన్నన్నాళ్లూ ఫ్రీజర్లకు కరెంటు ఆపొద్దు. తాళం వేసి మెయిన్ ఆపేసి వెళ్లిపోయి, పది రోజులకు ఆఫీసర్ ముందు తలుపు తీస్తే వచ్చే కంపు మొత్తం పనిని వెనక్కి నెడుతుంది. తాళం లోపల సరుకు ఉంటే, దాన్ని చూసుకోవడానికి రోజూ ఒకరు లోపలికి వెళ్లే అనుమతి రాతలో అడగండి. ఖాళీ చేయగలిగితే ముందే ఖాళీ చేయండి.

మళ్లీ తెరవడం

సెక్షన్ 34 ఉత్తర్వు దానంతటది పోదు. తగిన చర్యలు తీసుకున్నారని డిజిగ్నేటెడ్ ఆఫీసర్ సర్టిఫికెట్ ఇస్తేనే తెరవాలి. దానికి మీరు దరఖాస్తు చేయాలి. చేసిన ఏడు రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి, సంతృప్తి లేకపోతే పది రోజుల్లో కారణాలు చెబుతూ నోటీసు ఇవ్వాలి. ఈ రోజులు లెక్కించేది దరఖాస్తు రసీదు మీద ఉన్న తేదీ నుంచి. ఫోన్లో "సార్, రెడీ అయింది" అన్నదానికి తేదీ ఉండదు.

దరఖాస్తుకు ముందు మీరే ఒకసారి అదే చెక్‌లిస్టుతో, రాత్రి పదకొండు దాటాక, లైట్లు ఆపి ఐదు నిమిషాలాగి మళ్లీ వేసి చూడండి. పగలు పెస్ట్ కంట్రోల్ చేయించామని నిశ్చింతగా ఉన్న వంటగదిలో బొద్దింకలు బయటపడేది అప్పుడే: ఫ్రిజ్ కంప్రెసర్ వెనక, పొయ్యి కింద పేరుకున్న జిడ్డులో, గ్యాస్ పైపు గోడలోకి పోయే కంతలో. ఆ కంత మూయకుండా ఎన్నిసార్లు మందు కొట్టినా అవి మళ్లీ వస్తాయి.

నీటి వల్ల సమస్య వచ్చి ఉంటే ట్యాంకు కడిగి, క్లోరిన్ వేసి, తర్వాత తీసిన నీటి పరీక్ష రిపోర్టు జతచేయాలి. కడిగే ముందు తీసిన రిపోర్టు పనికిరాదు. మున్సిపాలిటీ తాళం కూడా ఉంటే ఇది చాలదు. ట్రేడ్ లైసెన్సు సంగతి మున్సిపల్ ఆఫీసులోనే తేల్చుకోవాలి, ఒకరి అనుమతి ఇంకొకరికి చెల్లదు.

తెరిచినంత మాత్రాన కేసు ముగిసిందనుకోవద్దు. జరిమానా వేరే దారిలో వస్తుంది. అడిషనల్ జిల్లా మెజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అడ్జుడికేటింగ్ ఆఫీసర్ విచారిస్తారు. అపరిశుభ్ర వంటగదికి లక్ష వరకు, నాసిరకం ఆహారానికి ఐదు లక్షల వరకు, లేబుల్ తప్పులకు మూడు లక్షల వరకు. ఆహారం సురక్షితం కాదని తేలితే అది జరిమానాతో పోయే వ్యవహారం కాదు, కోర్టుకు వెళ్తుంది. జరిమానా ఎంత అన్నది తేల్చేటప్పుడు తప్పు వల్ల మీకెంత లాభం కలిగింది, ఎవరికెంత నష్టం జరిగింది, ఇది మొదటిసారా మళ్లీమళ్లీనా, తెలిసి చేశారా అన్నవి చూడాలని సెక్షన్ 49 చెబుతుంది. తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకునే వీలు సెక్షన్ 80లో ఉంది. రోజూ రెండుపూటలా రాసిన ఫ్రిజ్ ఉష్ణోగ్రతల నోటుబుక్కు, అందులో మధ్యమధ్య "7 డిగ్రీలు, గ్యాస్ పట్టించాం" లాంటి నిజమైన ఎంట్రీలు ఉంటే, అక్కడ పనికొస్తుంది. ఏడాదంతా ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీలో, ప్రతి రోజూ "4 డిగ్రీలు" అని నింపిన నోటుబుక్కును మాత్రం విచారణకు తీసుకెళ్లకండి.